రేణిగుంట విమానాశ్రయం దగ్గర స్థలం కొనే ముందు ఎత్తు లెక్క, జోన్ లెక్క ఎలా చూసుకోవాలి

ఇళ్లకు ప్లాన్లు గీసి అనుమతులు తెచ్చిపెట్టడం నా పని. రేణిగుంట చుట్టుపక్కల స్థలం కొన్నవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి మామూలుగా రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది. చేతిలో డాక్యుమెంటు, మనసులో మూడంతస్తుల ఇల్లు. "సామీ, ఇక్కడ అంత ఎత్తు రాదు" అని వాళ్లకు చెప్పాల్సి రావడం కన్నా కష్టమైన పని నాకు ఇంకోటి లేదు.

మూడేళ్ల కిందట ఒక పెద్దాయన ఇలాగే వచ్చినారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా పెట్టి 40 అంకణాలు (1,440 చదరపు అడుగులు) కొన్నారు. కింద తామిద్దరూ, పైన ఇద్దరు కొడుకులకు చెరొక అంతస్తు, ఆపైన బాడుగకు ఒకటి. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద ఏ గది ఎవరిదో పేర్లతో సహా రాసుకొచ్చారు. నేను ఎత్తు లెక్క వేసి చూపించాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. స్థలం అమ్మినాయన అబద్ధమేమీ ఆడలేదు. ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. అడ్వాన్సు ఇచ్చేలోపు అడగాల్సినవి, చూడాల్సినవి వరసగా రాస్తున్నాను.

మొదట నేల మీద నిలబడండి

స్థలం చూడటానికి మధ్యాహ్నం కారులో వెళ్లి, పది నిమిషాలు నిలబడి వచ్చేస్తే లాభం లేదు. పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి వెళ్లండి. విమానాలు దిగే వేళలు ముందే చూసుకుని ఆ సమయానికి అక్కడ ఉండండి. విమానం సరిగ్గా నడినెత్తి మీద నుంచి పోతోందా, పక్కగా పోతోందా, దూరంగా ఒక గీతలాగా కనిపిస్తోందా గమనించండి. పక్కనున్న మనిషితో మాట్లాడుతూ ఉండండి. మాట ఎన్ని క్షణాలు ఆపాల్సి వచ్చిందో మీకే తెలుస్తుంది. పక్క ఇంట్లో పసిపిల్లలు ఉంటే, రాత్రిపూట నిద్ర ఎట్లుందో ఆ తల్లిని అడగండి. ఏ కాగితంలోనూ దొరకని సమాచారం అది.

మన రన్‌వేకు 08, 26 అని రెండు పేర్లున్నాయి. దిక్సూచిలో సుమారు 80 డిగ్రీలు, 260 డిగ్రీలు అని వాటి అర్థం. అంటే రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా పడుకుని ఉంది. పడమటి కొస తిరుచానూరు, తిరుపతి దిక్కుకు చూస్తుంది. ఆ గీతను మ్యాపులో రెండువైపులా స్కేలు పెట్టి పొడిగించండి. మీ స్థలం ఆ గీత మీద పడినా, దానికి దగ్గరలో పడినా ఈ వ్యాసంలో మిగతాది రెండుసార్లు చదవండి. గీతకు ఉత్తరానో దక్షిణానో దూరంగా ఉంటే మీకు చిక్కులు తక్కువ.

ఈ రన్‌వే పొడవు 2,286 మీటర్లు ఉండేది. పెద్ద విమానాలు దిగడానికి వీలుగా దాన్ని 3,810 మీటర్లకు పెంచే పని చేపట్టారు. రన్‌వే కొస జరిగితే ఎత్తుల లెక్క మొత్తం దాంతోపాటే జరుగుతుంది. "మా మామ పదిహేనేళ్ల కిందట ఇక్కడే నాలుగంతస్తులు కట్టినాడు, ఎవరూ అడగలేదు" అనే మాట విని మీరు ధైర్యం తెచ్చుకోవద్దు. ఆయన కట్టిన నాటి లెక్క వేరు.

కంటికి కనిపించని పందిరి

విమానాశ్రయం చుట్టూ కంటికి కనిపించని ఒక పందిరి ఉందనుకోండి. ఆ పందిరిని తాకేలా ఇల్లు గానీ, చెట్టు గానీ, స్తంభం గానీ లేవకూడదు. రన్‌వే దగ్గర పందిరి నేలను ఆనుకుని మొదలై, దూరం పోయేకొద్దీ పైకి లేస్తుంది. పెద్ద రన్‌వేలకు వాడే లెక్కలు ఇవి.

రన్‌వే కొసకు ఎదురుగా, 60 మీటర్ల తర్వాత నుంచి మొదటి 3 కిలోమీటర్ల దాకా ప్రతి 50 మీటర్ల దూరానికి ఒక్క మీటరు చొప్పున పందిరి లేస్తుంది. ఆపైన 3.6 కిలోమీటర్లు 40కి ఒకటి చొప్పున. అక్కడి నుంచి చదునుగా సాగుతుంది. మొత్తం పొడవు 15 కిలోమీటర్లు. వెడల్పు మొదట్లో సుమారు 300 మీటర్లు. దూరం పోయేకొద్దీ విసనకర్రలాగా రెండు పక్కలా విచ్చుకుంటుంది.

రన్‌వే పక్కల మాత్రం పందిరి నిటారుగా లేస్తుంది: మధ్యగీత నుంచి 150 మీటర్ల తర్వాత ప్రతి 7 మీటర్లకు ఒక మీటరు. ఆ వాలు దాటాక, 4 కిలోమీటర్ల లోపు విమానాశ్రయం నేల కంటే 45 మీటర్ల ఎత్తున చదునైన కప్పు ఉంటుంది. అక్కడి నుంచి 6 కిలోమీటర్ల దాకా మళ్లీ వాలుగా లేచి 145 మీటర్లకు చేరుతుంది. మామూలు ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ బయటి భాగాలు అడ్డం రావు. చిక్కంతా రన్‌వేకు ఎదురుగా ఉన్న విసనకర్రలోనే.

ఒక లెక్క వేసి చూపిస్తాను. సులువు కోసం రన్‌వే కొస సముద్రమట్టానికి 105 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. మీ స్థలం ఆ కొసకు ఎదురుగా ఒక కిలోమీటరు దూరంలో ఉంది. 1000లోంచి 60 తీసేస్తే 940. దాన్ని 50తో భాగిస్తే 18.8. అంటే అక్కడ పందిరి 123.8 మీటర్ల దగ్గర ఉంది. మీ స్థలం నేల 112 మీటర్లయితే మీకు మిగిలేది 11.8 మీటర్లు, సుమారు 38 అడుగులు. బేస్‌మెంటుకు రెండున్నర అడుగులు, అంతస్తుకు పదిన్నర చొప్పున వేసుకోండి. మెట్లగదికి 8, దానిమీద నీళ్ల ట్యాంకుకు 5 అడుగులు కలపండి. కింద ఒకటి, పైన ఒకటి కడితే 36 అడుగుల పైచిలుకు, సరిపోతుంది. ఇంకొక్క అంతస్తు వేస్తే 47 అడుగులు, పందిరి దాటిపోతుంది.

అదే దూరంలో, గెనిమ అవతల, పల్లంలో ఉన్న ఇంకో కయ్య 106 మీటర్లే ఉందనుకోండి. అక్కడ 58 అడుగులు మిగులుతాయి. కింద ఒకటి, పైన మూడు వస్తాయి. ఆరు మీటర్ల ఎత్తు తేడాకు రెండంతస్తులు పోయాయి. మనవాళ్లు మెరకలో ఉన్న స్థలానికి ఎక్కువ రేటు ఇస్తారు, వాననీళ్లు నిలవవని. ఆ ఆలోచన మంచిదే గానీ, రన్‌వేకు ఎదురుగా మాత్రం మెరక పల్లాల బేరం ఇలా తలకిందులవుతుంది.

ఈ లెక్క మీ అంచనా కోసమే. రేడియో పరికరాల కోసం, విమానాలు దిగే దారుల కోసం ఇంకా తక్కువ ఎత్తు పెట్టే చోట్లు ఉంటాయి. చివరి మాట విమానాశ్రయాలను చూసుకునే కేంద్ర సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే.

రంగుల మ్యాపు

ఈ లెక్కలన్నీ ఒక్కో పౌరుడు వేసుకోలేడని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవాళ్లు విమానాశ్రయాల చుట్టూ రంగుల జోనింగ్ మ్యాపులు తయారు చేస్తారు. 2015లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో దీనికి చోటుంది. మ్యాపులో గళ్లుంటాయి, ఒక్కో గడికి ఒక్కో రంగు, ఆ రంగుకు ఒక అంకె. ఎర్రరంగు గడిలో ఎంత చిన్న కట్టడానికైనా అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) తప్పనిసరి. మిగతా రంగుల్లో ఆ అంకె దాటనంతవరకు స్థానిక సంస్థే ప్లాన్ మంజూరు చేయవచ్చు.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఆ అంకె సముద్రమట్టం నుంచి లెక్క. గడిలో 150 అని ఉంటే మీరు 150 మీటర్ల భవనం కట్టవచ్చని అర్థం కాదు. మీ నేల 110 అయితే మీకు వచ్చేది 40 మీటర్లు. ఒక వెంచరు ఆఫీసులో గోడకు ఈ మ్యాపు అంటించి, ఆ అంకెను నేల మీద నుంచి ఎత్తుగా కొనేవాళ్లకు వివరిస్తుంటే నేను స్వయంగా విన్నాను. వివరించే కుర్రాడికి కూడా తెలియదు పాపం. మీకు తెలిసుండాలి.

మీ నేల ఎత్తు తెలుసుకోవడం

ఫోన్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాలు మ్యాపులో మీ గడి వెతుక్కోవడానికి చాలు. ఫోన్ చూపించే ఎత్తును మాత్రం నమ్మకండి, పది మీటర్లు అటూ ఇటూ చూపినా ఆశ్చర్యం లేదు. మనం పైన చూసినట్టు అది మూడంతస్తుల తేడా. ఎన్‌ఓసీకి కావాల్సింది సర్వేయరు ఇచ్చే సైట్ ఎలివేషన్ సర్టిఫికెట్. సముద్రమట్టానికి ఎత్తు, మూలల అక్షాంశ రేఖాంశాలు డబ్ల్యూజీఎస్-84 (జీపీఎస్ వాడే కొలత) పద్ధతిలో, డిగ్రీలు నిమిషాలు సెకన్లలో అందులో ఉండాలి. దీనికి అర్హత ఉన్న సర్వేయరు చేతే చేయించండి, లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

సర్వే రోజు మీరు దగ్గరుండండి. మొన్న ఒక చోట డీజీపీఎస్ (ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా కొలిచే పరికరం) ముక్కాలి పీట తెచ్చి నిలబెట్టబోతే, హద్దు రాయి మట్టిలో మునిగి ఉంది. సర్వేయరు తొందరలో పక్కనే పోసిన కొత్త మట్టి కుప్ప మీద పీట పెట్టబోయాడు. ఆ ఇంటావిడ ఆపింది. పార తెప్పించి, రాయి పైభాగం కనిపించేదాకా తవ్వించి, చీరకొంగుతో దుమ్ము తుడిచి "దీనిమీద పెట్టండి నాయనా" అనింది. పోసిన మట్టి ఎత్తు, అసలు నేల ఎత్తు రెండూ విడివిడిగా రాయించింది. తేడా 1.2 మీటర్లు వచ్చింది. అసలు నేల అంకె రాసిన కాగితం చూసి, గుంతలు తవ్వేముందు మట్టి ఎంత తీసేస్తే లెక్క సరిపోతుందో అక్కడికక్కడే నన్ను అడిగింది. ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లకు ఇల్లు కట్టిపెట్టడం సంతోషం.

పత్రాలు, భూవినియోగం

అడంగల్, 1బి, ఈసీ ఎట్లాగూ చూస్తారు. వాటితోపాటు సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి), చెరువు పోరంబోకు, దేవస్థానం లేదా మఠం మాన్యం అయితే ఎంత చౌకగా వచ్చినా పక్కకు తప్పుకోండి.

తర్వాత తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో ఆ సర్వే నంబరుకు భూవినియోగ ధ్రువపత్రం తీసుకోండి. మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోనా, వ్యవసాయ జోనా, పారిశ్రామిక జోనా అన్నది అందులో తేలుతుంది. వ్యవసాయ జోన్‌లో అనుమతి లేకుండా వేసిన లేఅవుటు అయితే ఎత్తు లెక్క దాకా పోవాల్సిన పనే లేదు.

ఇంకొకటి, విమానాశ్రయ విస్తరణ కోసం భూసేకరణ నోటిఫికేషన్ ఏదైనా ఆ సర్వే నంబరు మీద పడిందేమో తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. 2013 చట్టం కింద 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి అమ్మకాలు, కొనుగోళ్లు చేయకూడదు. భూమి మీదే అయితే అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. ఆ గడువును మాత్రం పోగొట్టుకోకండి.

అంకణం గురించి కూడా ఒక మాట. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు లెక్కలో 72. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కొత్తగా ఏర్పడ్డాక సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు అలవాట్లు, మన అలవాట్లు ఒకే జిల్లాలో కలిశాయి. అగ్రిమెంటులో అంకణాలతోపాటు చదరపు అడుగులు కూడా రాయించండి.

ఎన్‌ఓసీ దరఖాస్తు

విమానాశ్రయం నుంచి 20 కిలోమీటర్ల లోపు ఎత్తు నియంత్రణ వర్తిస్తుంది. తిరుపతి ఊరంతా దాదాపు ఈ వలయంలోనే ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ పోర్టల్‌లో చేయాలి. యజమాని పేరు డాక్యుమెంటులో ఉన్నట్టే ఉండాలి. స్థలం ప్రతి మూల అక్షాంశ రేఖాంశాలు, నేల ఎత్తు, కట్టబోయే ఎత్తు నింపాలి. సర్వేయరు కాగితంలోని అంకెలను ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతూ ఒకరు టైపు చేయండి. సెకన్లలో ఒక్క అంకె తారుమారైతే మీ స్థలం పదుల మీటర్లు పక్కకు జరిగిపోతుంది.

ఎత్తు అంటే స్లాబు దాకా అనుకుని నింపేవాళ్లు ఎక్కువ. అన్నింటికన్నా పైన ఉండే కొస దాకా నింపాలి: పిట్టగోడ, మెట్లగది, ట్యాంకు, సోలార్ హీటరు, పిడుగు కడ్డీ, డిష్, యాంటెన్నా. రేపు మిద్దె మీద తులసికోటకు చిన్న మంటపం కట్టాలని ఉంటే అదీ ఇప్పుడే కలపండి. పెద్ద భవనమైతే కట్టేటప్పుడు వాడే క్రేను కూడా లెక్కలోకి వస్తుంది.

అడిగిన ఎత్తు రాకపోతే అప్పీలు చేసుకునే దారి ఉంది. రన్‌వేకు ఎదురుగా విసనకర్రలో ఉన్న స్థలానికి మాత్రం దానిమీద ఆశ పెట్టుకుని పిల్లర్లు లేపకండి. భవనాలకు ఇచ్చే ఎన్‌ఓసీ 8 ఏళ్లు చెల్లుతుంది. ఈ గడువులోపు కట్టడం పూర్తి కావాలి. "ముందు కింద అంతస్తు, పిల్లోడికి ఉద్యోగం వచ్చాక పైది" అని మన ఇళ్లలో మామూలుగా అనుకుంటాం కదా, ఆ ఆలోచన ఉంటే తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి.

అనుమతి మించి కడితే ఏమవుతుంది? విమానాలకు అడ్డమయ్యే కట్టడాలను, చెట్లను తొలగించడానికి 1994 నుంచే ప్రత్యేక నిబంధనలున్నాయి. అప్పటికి అది ఆధారపడిన 1934 నాటి చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం మారింది గానీ ఎత్తు విషయంలో పట్టు సడలలేదు. సడలకూడదు కూడా. దిగే విమానంలో రెండువందల మంది ఉంటారు, అందులో మొక్కు తీర్చుకోవడానికి వచ్చే ముసలివాళ్లుంటారు, ఒళ్లో పిల్లలుంటారు.

చెట్లు, చెత్త, గద్దలు

చెట్లు కూడా లెక్కలోకి వస్తాయన్నది రైతులకు ఎవరూ చెప్పరు. మామిడి తోటకు బాధ లేదు, కొబ్బరి, నీలగిరి, టేకు మాత్రం పెరిగేకొద్దీ పందిరిని అందుకుంటాయి. రన్‌వే గీత మీద ఉన్న చేను అయితే మామిడి, నిమ్మ, మల్లె, కూరగాయలు ఎంచుకోండి. ఇరవై ఏళ్లు పెంచిన టేకును కొట్టేయమంటే ఆ బాధ చెప్పనలవి కాదు.

నాకు అన్నింటికన్నా దిగులు పెట్టేది చెత్త. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు ఆరుబయట జంతువులను కోయడం, పక్షులను పిలిచే చెత్త, మాంసపు వ్యర్థాలు పడేయడం నిషేధం. నిబంధన ఉంది, ఆచరణ మన చేతుల్లో ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చెరువు కట్ట కింద చూశాను. కోళ్ల అంగళ్లవాళ్లు పడేసిన పది, పదిహేను గోనెసంచులు. ఒకటి పిగిలి ఈకలు, పేగులు బయటపడ్డాయి. పైన గద్దలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఒకదానిపైన ఒకటి మూడు వరసలుగా. అప్పుడే ఒక విమానం దిగుతోంది. గద్దలు తిరిగే ఎత్తు, విమానం దిగే ఎత్తు ఒకటే. ఇంజిన్‌లోకి ఒక్క గద్ద పోతే చాలు.

మీ వీధిలో ఇలాంటి చోటు కనిపిస్తే ఫోటో తీసి, పంచాయతీకి, విమానాశ్రయం డైరెక్టరు ఆఫీసుకు రెండింటికీ రాతపూర్వకంగా ఇవ్వండి. అంగళ్లవాళ్లతో గొడవకు పోకండి. వ్యర్థాలు ఎక్కడ వేయాలో వాళ్లకు చోటు చూపించాల్సింది పంచాయతీ. మూతలున్న డబ్బాలు, రోజూ వచ్చే బండి అడగండి. జాతర రోజుల్లో అయితే వారం ముందే అడగండి.

ఊరివాళ్లుగా చేయాల్సింది

తుడా ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయటపెట్టినప్పుడు అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. మన ఊళ్లలో ఆ కాగితం నోటీసు బోర్డు మీదే ఎండిపోతుంది. సర్పంచిని పిలిచి గ్రామసభలో మ్యాపు పరిచి చూడండి. రన్‌వే గీత మీద పడే సర్వే నంబర్లన్నీ పెన్సిలుతో గుర్తు పెట్టండి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఆ నేలలో బడులు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, పెళ్లి మంటపాలు వద్దు. గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు, పూలతోటలు, బండ్లు నిలిపే చోట్లు పెట్టమని రాయండి. విమానాల్లో పూలు, మామిడి పంపే రైతుకు గోడౌను దగ్గరైతే లాభమే. భూమి ఉన్నవాళ్లకు రేటు పడిపోతుందన్న భయం న్యాయమైనదే. అందుకే ఉత్త "వద్దు" అని కాకుండా, దేనికి అనుమతి కావాలో కూడా అదే అర్జీలో రాయాలి. అర్జీకి రసీదు తీసుకోండి.

ఇల్లు పూర్తయ్యాక ఎన్‌ఓసీ, ప్లాన్ మంజూరు, ఎలివేషన్ సర్టిఫికెట్ మూడూ డాక్యుమెంట్ల సంచిలోనే ఉంచండి. మిద్దె మీద సెల్ టవరో, హోర్డింగో పెట్టుకుంటే నెలనెలా బాడుగ ఇస్తామని ఎవరైనా వస్తే, ఆ సంచి తీసి, ఎన్‌ఓసీలో రాసిన పైకొస అంకె చదవండి. టవరు దానికి పైన లేస్తే, దానికి వేరే ఎన్‌ఓసీ వాళ్లు తెచ్చేదాకా సంతకం పెట్టకండి.